గేరు బండి బాబాయి: సి-4 దించి టి-5 ఎక్కించాలంటే

ప్రశ్న: బాబాయి గారూ, నమస్కారం. మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. రెండేళ్ల కింద 1967 ఫోర్డ్ మస్టాంగ్ కూపే కొన్నాను. 289 వీ-8, రెండు బ్యారెళ్ల కార్బురేటర్, సి-4 ఆటోమేటిక్. గుంటూరులో మా నాన్నగారికి ఫోన్‌లో చూపిస్తే "ఇంత బండికి గేర్లు లేవేంట్రా?" అని నవ్వారు. అప్పట్నుంచి మనసు లాగుతోంది. ఆటోమేటిక్ తీసేసి గేర్ బాక్స్ పెట్టించుకోవచ్చా? పాత నాలుగు గేర్ల టాప్‌లోడర్ మంచిదా, ఐదు గేర్ల టి-5 మంచిదా? ఇంటి గ్యారేజీలో నేనే చేసుకోగలనా? బండి విలువ పడిపోతుందా? నాన్నగారు మే నెలలో వస్తున్నారు, ఆయన నడపగలరా?

జవాబు: మీ నాన్నగారి మాటకి నేనూ నవ్వాను. అందుకే ఈసారి సగం పేజీ మీకే.

ముందు ఒక పని చేయండి. డ్రైవర్ తలుపు తెరిస్తే అంచున ఓ రేకు ఉంటుంది. అందులో గేర్ బాక్స్ గడిలో డబ్ల్యూ అని ఉంటే ఫ్యాక్టరీ నుంచే సి-4. యూ అని ఉంటే సి-6, అది పెద్ద ఇంజన్లకి వేసేది. 5 అని ఉంటే ఆ బండి నాలుగు గేర్లతోనే పుట్టింది, మధ్యలో ఎవరో ఆటోమేటిక్ చేశారు. అప్పుడు మీది మార్పు కాదు, ఉన్నదాన్ని వెనక్కి తేవడం, విలువ లెక్క కూడా తిరగబడుతుంది. రేకులు మారిపోయిన బండ్లూ ఉంటాయి కాబట్టి మార్టి రిపోర్ట్ తెప్పించుకోండి. ఫోర్డ్ తయారీ రికార్డుల నుంచి ఇస్తారు, అవి 1967 బండ్ల నుంచే మొదలు. మీది ఆ తొలి సంవత్సరమే.

డబ్ల్యూనే అనుకుందాం. చాసిస్ నంబర్లో ఇంజన్ అక్షరం సి ఉంటుంది, అంటే 200 గుర్రాల మామూలు 289. ఆ ఏడాది లక్షల్లో అమ్ముడైన మోడల్. కె అక్షరం ఉన్న హై-పెర్ఫార్మెన్స్ బండి అయితే ముట్టుకోవద్దనేవాణ్ణి. సి బండికి గేర్లు పెడితే విలువ పడిపోతుందని నేననుకోను, నడుపుకోవడానికి కొనేవాళ్లకి ఐదు గేర్లే ఇష్టం. కానీ దించిన సి-4ని, దాని కన్వర్టర్‌ని (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండేది), పెడల్ని, గేర్ లీవర్ని, ప్రతి బోల్టునీ కవర్లలో కట్టి పేరు రాసి అటక మీద పెట్టండి. ఒక్క బోల్టు కూడా అమ్మొద్దు.

ఇక అసలు సంగతి. అందరూ గేర్ బాక్స్ గురించి అడుగుతారు, వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్) గురించి ఎవరూ అడగరు. నేనైతే అక్కడ మొదలుపెడతాను. ఆటోమేటిక్ మస్టాంగ్‌లకి వెనక క్రౌన్ పినియన్ మామూలుగా 2.79 గానీ 3.00 గానీ ఉంటుంది, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి జాయింట్ షాఫ్ట్ అన్ని చుట్లు తిరగాలి. టి-5లో మొదటి గేరు 3.35, ఐదోది 0.68. మీ టైరు 25 అంగుళాలు అనుకుని లెక్క వేద్దాం. 3.00 పినియన్‌తో ఇప్పుడు సి-4 మూడో గేర్లో 70 మైళ్ల వేగానికి ఇంజన్ నిమిషానికి సుమారు 2800 చుట్లు తిరుగుతుంది. అదే పినియన్ ఉంచి టి-5 పెడితే ఐదో గేర్లో 1900. 2.79 ఉంటే 1800 కూడా ఉండదు. మీ ఇంజన్ లాగుడు బలం అంతా 2400 దగ్గర ఉంది. 1800లో హైవే మీద చిన్న ఎత్తు వస్తే చాలు, ఆయాసపడుతుంది, మీరు నాలుగుకి దిగాలి. ఇక ఐదో గేరు ఎందుకు? 3.55 పినియన్ వేస్తే 70కి 2270 దగ్గర హాయిగా పోతుంది. మొదటి గేర్లో 3.35ని 3.55తో గుణిస్తే దాదాపు 12. ఇప్పుడు మీ సి-4 మొదటి గేరుకి ఆ లెక్క 7.4 మాత్రమే, మిగతాది కన్వర్టర్ చూసుకుంటోంది. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు తేడా మీకే తెలుస్తుంది. కాబట్టి పినియన్ ఖర్చు కూడా ఇప్పుడే బడ్జెట్లో రాసుకోండి, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

టాప్‌లోడరా, టి-5వా? టాప్‌లోడర్ పోత ఇనుము, మొండి ఘటం, ఆ కాలపు సరుకు. 2.78 మొదటి గేరు రకం మీకు పనికొస్తుంది, 2.32 రకం పందేలవాళ్లకి. కానీ నాలుగో గేరు నేరుగా 1.00. మీరు హైవే మీద ఇప్పటిలాగే 2800 చప్పుడు వింటూ ప్లేనో దాకా పోతారు, అంతే. చూసేవాళ్ల కోసమైతే టాప్‌లోడర్, ఎక్కి తిరగడానికైతే టి-5. మీ ఉత్తరం చదివితే మీరు తిరిగే మనిషే అనిపించింది.

టి-5 అంటే 1980లలో, 90లలో వచ్చిన 5.0 లీటర్ మస్టాంగ్‌ల గేర్ బాక్స్. బోర్గ్-వార్నర్ చేసింది, అల్యూమినియం ఒళ్లు, సుమారు 75 పౌండ్లు, ఇద్దరు కలిస్తే ఎత్తగలరు. 1985ది గానీ ఆ తర్వాతది గానీ వెతకండి. 1985 నుంచి 89 దాకా వచ్చినవాటికి 265 పౌండ్-అడుగుల బలం దాకా అని లెక్క, 1990 నుంచి 93 దాకా వచ్చినవి 300. మీ ఇంజన్‌కి కాగితం మీద 282 అని ఉంటుంది, అది ఆ రోజుల గ్రాస్ లెక్క (ఫ్యాన్ లాంటి భారాలు లేకుండా ఇంజన్‌ని విడిగా కొలిచింది), చక్రం దగ్గరకి అంత రాదు. సిగ్నల్ దగ్గర క్లచ్ ధడాల్న వదలకపోతే 265దే సరిపోతుంది, 300ది దొరికితే ఇంకా నిశ్చింత.

తోక దగ్గర ఒక బోల్టుకి చిన్న రేకు తగిలించి ఉంటుంది, 1352తో మొదలయ్యే నంబరు. ఆ రేకు లేని బాక్స్ కొనొద్దు. నాలుగు సిలిండర్ల మస్టాంగ్‌లోదీ టి-5నే, కమారోలోదీ టి-5నే. మొదటిదాంట్లో గేర్ల లెక్క వేరు, రెండోది ఓ పక్కకి వాలి కూర్చుంటుంది. అమ్మేవాడు "అన్నీ ఒకటే సార్" అంటాడు. కావు.

కొన్నాక అందులో పోసేది ఆటోమేటిక్ ఆయిలే, ఏటీఎఫ్. అలవాటు కొద్దీ మన 90 నంబరు గేర్ ఆయిల్ పోశారో, ఆ చిక్కదనానికి సింక్రో రింగులు పట్టవు, గేర్లు కరకరమంటాయి.

గేర్ బాక్స్ దొరికిందంటే పావు వంతు పని అయినట్టు. మిగతా ముప్పావు చిన్న సామాన్లలో ఉంది. పెడల్స్ సెట్టు మొత్తం మారాలి, 1967, 68 బండ్లవి మీకు పనికొస్తాయి, 65, 66 బండ్లవి వేరు. అది ఊడదీయాలంటే స్టీరింగ్ కాలమ్ కిందికి దించి, సీటు తీసేసి, తల కిందికీ కాళ్లు పైకీ పెట్టి డాష్ కింద దూరాలి. నలభై దాటినవాళ్లు దీనికి ఒక శనివారం పూర్తిగా కేటాయించుకోండి, ఆదివారం నడుముకి. క్లచ్‌కి పాతకాలం రాడ్ల పద్ధతి ఉంది, కేబుల్ ఉంది, హైడ్రాలిక్ ఉంది. హెడర్లు (ఇంజన్ పక్కన పెద్ద పొగ గొట్టాలు) వేసిన బండికి రాడ్లు అడ్డొస్తాయి. నేను కేబుల్ వేశాను, గొడవ లేదు. కింద క్రాస్ మెంబర్ (గేర్ బాక్స్‌ని మోసే అడ్డ కమ్మీ) మారుతుంది, స్పీడోమీటర్ కేబుల్ చూసుకోవాలి, టన్నెల్‌లో (ఫ్లోర్ మధ్య ఉబ్బులో) లీవర్ కన్నం జరుగుతుంది. (కన్నం పైనుంచి కోయొద్దు. గేర్ బాక్స్ బిగించి, కింద నుంచి లీవర్ చోటు గుర్తు పెట్టి, సన్నటి డ్రిల్లుతో ఒక్క కన్నం వేసి, దాని చుట్టూ కోసుకురండి.) జాయింట్ షాఫ్ట్ పొడవు అన్నీ బిగించాక, బండి బరువు చక్రాల మీద ఉండగా కొలవండి. జాకీ మీద కొలిస్తే తప్పు వస్తుంది.

ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య పల్చటి రేకు ప్లేటు ఒకటుంది, ఆటోమేటిక్‌ది వేరు, గేర్లది వేరు. అదీ మార్చండి, దానికి తగ్గ సెల్ఫ్ మోటారూ చూసుకోండి, ముక్కు పొడవు తేడా ఉంటుంది. క్రాంక్ తోకలో పైలట్ బుష్ (గేర్ బాక్స్ షాఫ్ట్ ముక్కు ఆనేది) ఆటోమేటిక్‌కి ఉండదు, కొత్తది కొట్టాలి. ఇండియాలో అయితే స్పిగాట్ బేరింగ్ అని అడిగేవాళ్లం. ముప్పై రూపాయల సామాను అని దాన్ని మరిచిపోయి, గేర్ బాక్స్ ఎక్కించి, మళ్లీ దించినవాళ్లని విజయవాడ ఆటోనగర్‌లో నేను కాలేజీ సెలవుల్లో లారీ షెడ్డులో పని నేర్చుకునేటప్పుడే చూశాను.

ఇక ఫ్లైవీల్. ఇక్కడ నేను దెబ్బ తిన్నాను కాబట్టి కాస్త ఆగుతాను. మీ 289 తన బ్యాలెన్సు మొత్తం క్రాంక్ లోపలే పెట్టుకోదు, కొంత బరువు ఫ్లైవీల్ మీద, కొంత ముందు బ్యాలెన్సర్ మీద మోపుతుంది. ఆ లెక్క 28 ఔన్సులు. 1980ల మొదట్లో ఫోర్డ్ 302 ఇంజన్‌కి దీన్ని 50 ఔన్సులు చేసింది. మనం టి-5 తెచ్చే బండి ఆ తర్వాతది, అంటే దానితో వచ్చే ఫ్లైవీల్ 50 ఔన్సులది. బోల్టు కన్నాలు చక్కగా కలుస్తాయి, అదే మాయ. పదిహేనేళ్ల కింద మిషిగన్‌లో నా 1966 కూపేకి ఈ పని చేసుకుంటూ ఒక పార్టుల దుకాణంలో 28ది అడిగి తెచ్చుకున్నాను. డబ్బా మీద 28 అనే ఉంది. లోపల ఉన్నది 50ది. నేను చూసుకోలేదు, డబ్బాని నమ్మాను. అన్నీ బిగించి సెల్ఫ్ కొట్టాను. ఐడిల్‌లో ఏదో చిన్న వణుకు. 2000 దాటేసరికి అద్దంలో పక్కింటి చెట్టు రెండైంది. డాష్ మీద పెట్టిన స్పానర్ టకటకా నడుచుకుంటూ వచ్చి నా ఒళ్లో పడింది. ఆపేశాను. మళ్లీ గేర్ బాక్స్ దించడానికి రెండు రోజులు. ఆ దుకాణం వాడు ఫ్లైవీల్ మార్చి ఇచ్చాడు గానీ ఆ రెండు రోజులు ఎవరిస్తారు? ఫ్లైవీల్ వెనక్కి తిప్పి బ్యాలెన్స్ బరువు పరిమాణం చూడండి, పాత ఫ్లెక్స్ ప్లేటు (ఆటోమేటిక్‌లో ఫ్లైవీల్ బదులు ఉండేది) పక్కన పెట్టి పోల్చండి, అనుమానం ఉంటే మెషిన్ షాప్‌కి తీసుకెళ్లండి.

రెండోసారి ఎక్కించేటప్పుడు ఇంకోటి కూడా చేశాను, మొదటిసారి బద్ధకించింది. బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య గంట ఆకారపు డబ్బా) మధ్య కన్నం క్రాంక్‌కి సరిగ్గా మధ్యలో ఉందా అన్నది. డయల్ గేజ్‌ని అయస్కాంతంతో ఫ్లైవీల్ మీద నిలబెట్టి, ముల్లు హౌసింగ్ కన్నం లోపలి అంచుకి ఆనించి, ఇంజన్‌ని చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పాలి. మొత్తం తేడా ఐదు థౌ దాటకూడదు, అంటే అంగుళంలో వెయ్యికి ఐదు వంతులు. నాది పద్నాలుగు చూపించింది. కంటికి ఏమీ కనబడదు, కొన్ని వెంట్రుకల మందం అంతే. కానీ ఆ పద్నాలుగుతో బిగిస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ ప్రతి చుట్టుకీ పక్కకి ఒత్తుకుంటూ బేరింగ్‌ని తినేస్తుంది, గేర్ బాక్స్ పాడు అని తిట్టుకుంటాం. తేడా పద్నాలుగు అంటే జరగాల్సింది అందులో సగం, ఏడు. సరిగ్గా ఏడు థౌ పక్కకి ఉన్న డోవెల్ పిన్నులు అమ్ముతారు. కొట్టి, తిప్పి, మళ్లీ కొలిస్తే మూడుకి వచ్చింది. నాకు ఆ సాయంత్రం కలిగిన ఆనందం బండి రోడ్డెక్కినప్పుడు కూడా కలగలేదంటే మా ఆవిడ నమ్మదు.

ఆటోమేటిక్ తీసేశాక మిగిలిపోయేవి మూడు. ఒకటి, సి-4 వెనక గుండ్రటి చిన్న వాక్యూమ్ డబ్బాకి ఇంజన్ నుంచి సన్న గొట్టం వస్తుంది. డబ్బా గేర్ బాక్స్‌తో పాటు పోతుంది, గొట్టం మాత్రం గాల్లో వేలాడుతుంది. దాన్ని ఇంజన్ దగ్గర మూయకపోతే గాలి పీల్చుకుని ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, జనం కార్బురేటర్ విప్పి కూర్చుంటారు. రెండు, రేడియేటర్‌కి పోయే ఆయిల్ గొట్టాలు, ఆ కన్నాలకి మూతలు వేయండి. మూడు, న్యూట్రల్ స్విచ్. ఆటోమేటిక్‌లో పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే సెల్ఫ్ తిరుగుతుంది. స్విచ్ తీసేస్తే అసలు తిరగదు, చాలామంది ఆ రెండు వైర్లు కలిపేసి చేతులు దులుపుకుంటారు. నేను ఒప్పుకోను. గేర్లో పెట్టి వదిలిన బండికి ఎవరో తాళం తిప్పితే గ్యారేజీ గోడ పోతుంది, గోడకి ముందు మనిషి ఉంటే అది ఇంకో సంగతి. క్లచ్ పెడల్‌కి స్విచ్ పెట్టి ఆ వైర్లు దానికి ఇవ్వండి. రివర్స్ లైటు వైర్లు కూడా కొత్త బాక్స్‌కి చేర్చండి.

ఇంట్లో చేసుకోగలరా అంటే, క్లచ్ ప్లేటు ఎప్పుడైనా సొంతంగా మార్చి ఉంటే చేసుకోగలరు, నాలుగు వారాంతాలు పెట్టుకోండి. ఎప్పుడూ మార్చకపోతే బాక్స్ దించడం, ఎక్కించడం షాపుకి ఇచ్చి, పెడల్స్, వైర్లు, లీవర్ మీరు చూసుకోండి. రెండిట్లో ఏదైనా, బండి కిందికి దూరేముందు నాలుగు స్టాండ్లూ తోసి చూడండి. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి వెళ్లే మనిషికి నేను జవాబులు రాయను. ఖర్చు సంగతి: అన్నీ కొత్తవి కిట్టుగా కొంటే పినియన్ కాకుండానే నాలుగు వేల డాలర్లు దాటుతుంది. పాత బాక్స్, పాత పెడల్స్ ఓపికగా వెతుక్కుంటే బాగా తగ్గుతుంది, ఆ తగ్గింది టైములో కడతారు.

నాన్నగారి విషయం. ఆయన అంబాసిడర్ నడిపిన తరమే అనుకుంటాను. స్టీరింగ్ పక్కన చేతి గేరు ఎడమ చేత్తో వేసిన మనిషికి ఇక్కడ అదే గేరు కుడి చేతికి వస్తుంది, పది నిమిషాలు తడబడతారు, అంతే. క్లచ్ పెడల్ అదే కాలికి. టి-5లో రివర్స్ కుడి పక్క చివర, ఐదుకి సూటిగా కింద. ఐదు నుంచి నాలుగుకి దిగుతున్నాననుకుని రివర్స్ వైపు నెట్టే ప్రమాదం కొత్తలో ఉంటుంది, ఆయనకి అది ముందే చెప్పండి. హైవే వద్దు, ఖాళీ స్కూల్ పార్కింగ్‌లో ఇవ్వండి. మే నెలకి అవ్వాలంటే పెడల్స్ ఇప్పుడే ఆర్డర్ పెట్టాలి.

ప్రశ్న: కాకినాడలో ఉంటాం. మా అబ్బాయి కొన్న ఆటోమేటిక్ హ్యాచ్‌బ్యాక్‌కి గేర్లు పెట్టించుకోవచ్చా? బాబాయి గారు అమెరికా బండ్లకే రాస్తారా?

జవాబు: అన్ని బండ్లకీ రాస్తాను, మీకు నచ్చే జవాబు మాత్రం ఇది కాదు. వద్దు. ఇప్పటి బండిలో గేర్ బాక్స్, ఇంజన్, బ్రేకులు, తాళం అన్నీ కంప్యూటర్లతో మాట్లాడుకుంటాయి, ఒకటి తీసేస్తే మిగతావి అలుగుతాయి. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న తయారీ వివరాలకి విరుద్ధంగా బండి మార్చకూడదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది అదే. అబ్బాయికి గేర్లు కావాలంటే అదే మోడల్ గేర్లది ఎక్స్చేంజ్‌లో తీసుకోమనండి.

ప్రశ్న: బాబాయి గారూ, న్యూజెర్సీ నుంచి. నాది 1970 డాడ్జ్ చాలెంజర్, 340 ఇంజన్, టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్. నాలుగు గేర్ల బాక్స్ ఒకటి చవగ్గా దొరికింది. కొనేశాను. ఇప్పుడేం చేయాలి?

జవాబు: కొనేశాక అడిగారు. సరే.

మస్టాంగ్ లాంటి పని కాదిది. ఈ బండ్లలో నాలుగు గేర్లవాటికి ఫ్లోర్‌లో వేరే ఎత్తు మూపురం వెల్డింగ్ చేసి వచ్చేది, ఆటోమేటిక్ ఫ్లోర్‌లో అది ఉండదు. అంటే మంచి రేకు కోసి, ఇంకో రేకు అతకాలి. కోసిన ఫ్లోర్ మళ్లీ పాత ఫ్లోర్ కాదు. పైగా 340 బండి అంటే కొనేవాళ్లు చాసిస్ నంబర్ చేతిలో పట్టుకుని వస్తారు. టార్క్‌ఫ్లైట్ గట్టి బాక్స్, ఆ రోజుల్లో పందేలవాళ్లు కూడా కావాలని పెట్టించుకునేవాళ్లు. నేనైతే ఉంచేస్తాను.

మనసు ఒప్పుకోకపోతే, కోయకముందు ఒకటి చూడండి. క్రైస్లర్ ఆటోమేటిక్ ఇంజన్లలో కొన్నిటికి క్రాంక్ తోకలో పైలట్ బుష్ కన్నం పూర్తిగా తొలిచి ఉండదు, బుష్ పట్టదు, షాఫ్ట్ ముక్కు లోపలికి పోదు. దానికి విరుగుడు బేరింగ్ ఉంది, కన్వర్టర్ కూర్చునే పెద్ద వృత్తంలోనే పడుతుంది. కానీ మీ క్రాంక్ ఏదో తెలియకుండా ఏదీ కొనొద్దు, ఇప్పటికే ఒకటి కొన్నారు. టార్క్‌ఫ్లైట్ దించి, క్రాంక్ తోక గుడ్డతో తుడిచి, వర్నియర్‌తో కన్నం లోతు, వెడల్పు కొలిచి ఫొటోతో పంపండి. ఫ్లోర్ సంగతి అది చూశాక మాట్లాడదాం.